ఈ రాత్రి మీ ఇంట్లో ఎందరు?

“ఈ అంగీ ఎవరికి?”

కుట్టుమిషను ఆగలేదు. అత్తగారు తల ఎత్తలేదు. పక్కగదిలో పాపకు జడ అల్లుతున్న కోడలి చేతులు మాత్రం సగం జడ దగ్గర ఆగిపోయాయి.

“నిన్నే అడుగుతున్నాను,” అన్నాడు పెద్దాయన. “పాస్టరమ్మగారు పంపిన కాగితంలో పద్దెనిమిది అంగీలని ఉంది. నేను లెక్కపెట్టాను. ఇది పంతొమ్మిదోది.”

“గుడ్డ మిగిలింది.”

“మిగిలితే దిండుకి గలీబు కుట్టు. ఇంతింత పొడుగు చేతులున్న దిండు మనింట్లో లేదు.”

ఇంకోరోజైతే ఆ మాటకి కోడలు నవ్వేది. ఇవాళ జడ పాయలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. “అమ్మా, నొప్పి!” అంది పాప.

రిటైరై నాలుగేళ్ళయినా పెద్దాయనకు లెక్కపెట్టే జబ్బు తగ్గలేదు. జనన మరణాల నమోదు కార్యాలయంలో ముప్ఫై ఒక్కేళ్ళు, ఊళ్ళో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ పుస్తకానికి ఎక్కించిన మనిషి. తోటివాళ్ళు చాటుగా చిత్రగుప్తుడనేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పైకి విసుక్కునేవాడు, లోపల మురిసిపోయేవాడు. అన్నేళ్ళలో ఆయన రాసిన పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. కళ్ళతో చూడంది రాయలేదు, రాసింది కొట్టలేదు.

అలాంటి మనిషి కడుపున పుట్టినవాడు, ఏడంతస్తుల భవనంలో లిఫ్టు తనిఖీ చెయ్యకుండానే చేశానని సంతకం పెట్టాడు. పదకొండో రోజున తీగ తెగింది. లోపలున్న కాపలామనిషి పోయాడు. కొడుక్కి ఏడాదిన్నర జైలు పడింది.

ఆ శిక్ష తీరి అతను బయటికొచ్చి ఇవాళ్టికి మూడో రోజు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. విడుదల తేదీ రాస్తూ వచ్చిన ఉత్తరాన్ని పెద్దాయన పూర్తిగా చదివి, మడతల మీదే మళ్ళీ మడిచి, “ఇది నాది కాదు” అని కోడలి చేతికిచ్చాడు. కవరు మీద ఉన్నది ఆయన పేరే.

“చెప్పవేం? ఎవరికి కుట్టావ్?”

మిషను ఆగింది. అత్తగారు దారం తెంపి, సూది వైపే చూస్తూ నీళ్ళు నమిలింది. ఆవిడకి అబద్ధమాడటం చేతకాదు, నిజం చెప్పే ధైర్యం లేదు. ఆ మౌనాన్ని ఇంకో క్షణం సాగనిస్తే ఏమవుతుందో కోడలికి తెలుసు.

“మా అన్నయ్యకి, మామయ్యా!”

జడ వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అన్నయ్య ఇవాళ వస్తున్నాడు. క్రిస్మస్ పండక్కి నాలుగు రోజులు ఇక్కడే ఉంటాడు. చర్చి వెనక వేసే బేత్లెహేము అంగడిలో గొర్రెల కాపరి వేషానికి ఒకరు తగ్గారన్నారు కదా, తనకీ సరదాగా ఉంటుందని నేనే అత్తయ్యని కుట్టమన్నాను. మీకు చెప్పడం మర్చిపోయాను.”

పెద్దాయన అంగీ భుజాలు పట్టుకుని ఎత్తి చూశాడు. కళ్ళద్దాలు సవరించుకుని ఇంకోసారి చూశాడు.

“పొడగరే మీ అన్నయ్య,” అన్నాడు చివరికి. “ముందే చెబితే పోయేది కదమ్మా. రానీ. మంచి పిల్లాడు. ఏ పనైనా చూసి చేస్తాడు.”

ఆ ఆఖరి మాట ఎవరికి తగలాలో వాళ్ళిద్దరికీ తగిలింది. ఆయన అంగీని జాగ్రత్తగా మడతపెట్టి, మిగతా పద్దెనిమిదింటి మీద పెట్టి, బజారుకి వెళ్ళిపోయాడు.

వీధి తలుపు చప్పుడయ్యాక అత్తగారు అడిగింది. “మీ అన్నయ్య వస్తున్నాడా?”

“రావటం లేదు.”

“మరి?”

“నాకే తెలీదు అత్తయ్యా. నోటికొచ్చింది అనేశాను.”

అత్తగారు ఆ అంగీని మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. “వాడి కొలత మర్చిపోయానేమోనని భయమేసింది. అందుకు కుట్టాను. కాగితం మీద రాసుకున్న కొలత కాదు కదా, చేతికి తెలిసిన కొలత. వాడికి వెయ్యాలని కాదమ్మా, ఒట్టు.”

“వేస్తే తప్పేంటి?”

“ఆయనకి ఎదురుచెప్పమని మాత్రం నన్నడక్కు. ముప్ఫై ఆరేళ్ళలో చెప్పలేదు. ఇప్పుడెలా చెప్పాలో నాకు తెలీదు.”

కోడలికి కోపం వచ్చింది. అత్తగారి మీద జాలి ఎంతుందో కోపమూ అంతే ఉంది. రెండూ మింగుకుని పాప జడ పూర్తిచేసింది.

*

కళ్ళద్దాల దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీయడం కోడలి పని. నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్న చక్రం మీద గాజు బిళ్ళని తిప్పుతూ ఉంటే ఆమెకి బుర్ర బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నానికల్లా పొద్దుటి అబద్ధం ఒక ఉపాయంగా మారిపోయింది.

భోజనాల వేళకి బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జికి వెళ్ళింది. రెండో అంతస్తులో చివరిగది. తలుపు బార్లా తీసి ఉంది. మూడు రోజులుగా అతను ఆ తలుపు వేసుకోవటం లేదట. లాడ్జివాడు వచ్చి చెప్పినా వెయ్యలేదట.

భర్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు. జుట్టు కురచగా కత్తిరించారు, చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

“ఇది వేసుకో,” అంటూ సంచీలోంచి అంగీ తీసింది. “మీ అమ్మ కుట్టింది.”

అతను ముట్టుకోలేదు. “నాన్న రమ్మన్నారా?”

“రమ్మనరు. నువ్వు గడప తొక్కితే తను బయటికెళ్తానన్న మాట మీదే ఉన్నారు. విను, చెప్తాను. అంగడి ద్వారం దగ్గర మీ నాన్న గుమాస్తా వేషంలో కూర్చుని జనం లెక్క ఎలా రాస్తారో నీకు తెలుసుగా.”

“తెలియకేం. పదేళ్ళు అక్కడ రోమా సైనికుడి వేషం వేశాను.”

“పాస్టరమ్మగారి చట్టం గుర్తుందా? గోడ లోపల ఈ కాలపు వస్తువు ఉండకూడదు. చేతి గడియారం, ఫోను, కళ్ళజోడు, ఏదీ. మీ నాన్న కళ్ళద్దాలు నేనే అరగదీశాను. అవి తీస్తే ముక్కు దగ్గర పెట్టుకున్న కాగితం బాగానే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం మాత్రం పిండిముద్ద. మా అన్నయ్య వస్తున్నాడని పొద్దున చెప్పాను, నమ్మారు. ఇంటికొకరే మాట్లాడాలి, అది అక్కడి పద్ధతి. నేను మాట్లాడతాను. నువ్వు పాప చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడు. ‘ఈ రాత్రి మీ ఇంట్లో ఎందరు’ అని అడుగుతారు. ఐదుగురని చెప్తాను. రాస్తారు.”

“రాస్తే?”

“రాసింది ఎప్పుడైనా కొట్టేశారా? పండగ పొద్దున ఆ పుస్తకమే కదా సంఘమంతటి ముందూ చదివేది. తన చేత్తో ఐదుగురని రాసి, ఇంట్లో నలుగుర్ని ఉంచుకునే మనిషి కాదు మీ నాన్న. నాకు ఆయన సంగతి నీకంటే బాగా తెలుసు.”

అతను తల అడ్డంగా ఊపాడు. “మళ్ళీ అదేనా?”

“ఏది మళ్ళీ?”

“ఏం లేదులే.”

ఆమెకి ఒళ్ళు మండింది. “అయితే రేపు పొద్దున ఈ గది ఖాళీ చేసి ఎక్కడికెళ్తావ్?”

“ఓడరేవులో క్రేన్ల మీద పనుందన్నాడు లోపల పరిచయమైన ఒకతను. వెనకటి సంగతులు అడగరట.”

“మమ్మల్నేం చేస్తావ్?”

అతను కిటికీ వైపు తిరిగాడు. కింద బస్సులు హారన్లు కొడుతున్నాయి.

“ఏడాదిన్నర నేనా ఇంట్లో ఎలా ఉన్నానో నీకు తెలీదు,” అంది ఆమె. “మీ నాన్న నన్నొక్క మాట అనలేదు. పాపని బడికి ఆయనే తీసుకెళ్ళారు. నాకు జ్వరమొస్తే రాత్రంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నీ మాటొస్తే మాత్రం లేచి వెళ్ళిపోయేవారు. తిట్టినా బావుండేది. ‘తాగి ఎవడితోనైనా కొట్లాడి లోపలికి పోయుంటే నేనే వెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. చూడకుండా చూశానని రాశాడు’ అన్నారు ఒకే ఒక్కసారి. ఆ తర్వాత అదీ లేదు.”

“ఆయనన్నది నిజమే కదా.”

“నిజమే! ఆ నిజం పెట్టుకుని మేమేం చేసుకోవాలి?”

అప్పుడు అతను అంగీని అందుకున్నాడు. చేతులు తొడిగి చూసుకున్నాడు. సరిగ్గా మణికట్టు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ మణికట్టు వైపు చూసుకుంటూ అడిగాడు.

“పాపకి నా గురించి ఏం చెప్పావు?”

“దూరంగా పెద్ద పెద్ద మేడలు కడుతున్నచోట లిఫ్టులు బాగుచేస్తున్నావని.”

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “వస్తాను,” అన్నాడు. “పాపని చూడొచ్చు. దానికోసం వస్తాను.”

*

సాయంత్రం ఐదున్నరకే చీకటి పడింది. చర్చి వెనక గోనెపట్టాల కొట్లలో నూనెదీపాలు వెలిగించారు. గాడిదలు రెండూ ఒకదాన్ని చూసి ఒకటి ఓండ్ర పెడుతున్నాయి. నిజం కొలిమిలాగే పొగ రావాలని ఎవరో పచ్చిగడ్డి వేశారు. దాంతో సగం బేత్లెహేము దగ్గుతోంది.

పాస్టరమ్మగారు గోడ బయట నిలబడి వేషగాళ్ళందర్నీ తనిఖీ చేసి లోపలికి వదులుతోంది. కుమ్మరి నోట్లో చూయింగ్ గమ్ తీయించింది. క్రికెట్ స్కోరు ఎంతయిందో కనుక్కుంటున్న రోమా సైనికుడి దగ్గర ఫోను లాక్కుంది. తన ముక్కు మీద మాత్రం బంగారు అంచు కళ్ళజోడు నిక్షేపంగా ఉంది. తను గోడ బయట మనిషిననే ధీమా ఆవిడది.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా అక్కడ పెట్టుకోవడమే తప్ప ద్వారం మూసేదాకా తీసింది లేదు. ద్వారం పక్కనున్న బల్ల ముందు కూర్చుని, సిరాబుడ్డి మూత తీసి, కొత్త పుస్తకం మొదటి వరసలో తన ఇంటి లెక్క రాసుకున్నాడు. ప్రజాసంఖ్య రాసేవాడు ముందు తన ఇంటివాళ్ళని రాసుకోవాలన్నది ఆయన పెట్టుకున్న ఆనవాయితీ.

నలుగురు.

నిరుడూ అలాగే రాశాడు. పండగ పొద్దున పాస్టరుగారు దాన్ని గట్టిగా చదివితే సంఘంలో చీమ చిటుక్కుమనలేదు. అంతకు ముందు ఏడు ఐదుగురని చదివిన సంగతి అందరికీ గుర్తే. అత్తగారు ఆ రోజు ప్రార్థన అయిపోయేదాకా తలొంచుకునే ఉంది.

“మా అన్నయ్యని కూడా రాసెయ్యండి మామయ్యా, దార్లో ఉన్నాడు,” అంది కోడలు పక్కనే నిలబడి.

“దార్లో ఉన్నవాణ్ణి దార్లో ఉన్నాడనే రాయాలి. రానీ, చేరుస్తాను. పక్కన చోటుంచాను.”

ద్వారానికి ఎడమపక్క మొదటి కొట్టు అత్తగారిది. గుడారాలు కుట్టే మనిషి వేషం. ఒళ్ళో ముతకగుడ్డ పరుచుకుని పెద్దసూదితో కుడుతూ ఉండాలి. ఆవిడకి చెయ్యి దూరంలోనే మొగుడి బల్ల.

జనం మొదలయ్యారు. పెద్దాయన ప్రతి కుటుంబాన్నీ మూడు ప్రశ్నలే అడుగుతున్నాడు. ఏ ఊరి నుంచి? ఎవరింటివాళ్ళు? ఈ రాత్రి మీ ఇంట్లో ఎందరు? వచ్చినవాళ్ళలో కొందరు ముచ్చటపడి గలిలయ అనీ యెరికో అనీ చెబుతున్నారు. ఒకాయన కంగారులో “మూడో అంతస్తు, ఎడమవైపు” అన్నాడు. పెద్దాయన నవ్వకుండా అదే రాసి, మనిషికొక మట్టిబిళ్ళ చొప్పున లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ బిళ్ళ చూపిస్తేనే చివర పశువుల పాకలోకి వదులుతారు.

కోడలు పాపని తీసుకుని వెనకదారిన బయటికి వెళ్ళింది. వీధి మలుపులో, అంగీ వేసుకుని, తలమీద గుడ్డ కప్పుకుని అతను నిలబడి ఉన్నాడు.

“పాపా, మన ఆట గుర్తుందా? గోడ లోపల ఎవర్నీ అసలు పేరుతో పిలవకూడదు. అమ్మా నాన్నా అనకూడదు. ఎవరు పిలుస్తారో వాళ్ళు ఓడిపోయినట్టు.”

పాప తలూపింది. ఆ మనిషి వైపు తలెత్తి చూసింది. తల వంచి, ఇంకోసారి చూసింది. దాని కింది పెదవి కొంచెం కదిలింది.

“దండాలు, బాటసారీ!” అంది.

అతను వంగి పాప చెయ్యి పట్టుకున్నాడు.  ఆరేళ్ళ పిల్లకి ఈ విద్య ఎందుకు నేర్పానా అని కోడలికి తన మీద తనకే రోత పుట్టింది. కానీ అప్పటికే వరసలో నిలబడ్డారు.

ముందు ఎనిమిది కుటుంబాలు. తర్వాత ఐదు. తర్వాత రెండు. అతని చెయ్యి చల్లబడిందని పాప తన రెండు చేతులతో రుద్దుతోంది.

“ఏ ఊరి నుంచి?”

“ఈ ఊరే, అయ్యా,” అంది కోడలు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. “మీ ఇంటివాళ్ళమే. ప్రయాణంలో ఉన్న మనిషి ఇప్పుడే చేరారు. లెక్కలో చేర్చుకోండి.”

పెద్దాయన మొహం విప్పారింది. మసకగా కనిపిస్తున్న పొడుగాటి ఆకారం వైపు చూసి నవ్వాడు.

“రావయ్యా, రా! ప్రయాణం బాగా సాగిందా? నీ చెల్లెలు పొద్దుటినుంచీ ఒక్కచోట నిలబడలేదు. ఇక్కడ కబుర్లు కుదరవు, పాస్టరమ్మగారు దండిస్తారు. ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందుగదిలో పక్క వేయించాను, చలిగాలి రాదు.”

ఆ గొంతులో ఆప్యాయత ఉంది. అంత ఆప్యాయంగా ఆయన మాట్లాడటం కొడుకు విని రెండేళ్ళు కావస్తోంది. అతను తలగుడ్డ కింద కళ్ళు మూసుకున్నాడు.

పక్కకొట్టులో సూది ఆగింది. అత్తగారు చూసింది. తను కుట్టిన అంగీ తను కుట్టినట్టే ఒక మనిషి మీద ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన కలం ముంచాడు. ముక్కు కాగితానికి ఆనేంత వంగి, మొదటి వరసలో ‘నలుగురు’ పక్కనున్న ఖాళీ వెతుక్కున్నాడు. “మరొకరు, వచ్చి చేరినవారు. మొత్తం ఐదు,” అని నెమ్మదిగా పైకి అనుకుంటూ కలం ఆనించబోయాడు.

“రాయకండి.”

కలం గాల్లో ఆగింది.

“చూడకుండా రాయకండి నాన్నా.”

కోడలు అతని మోచెయ్యి పట్టుకుని గుంజింది. అతను కదల్లేదు, తలగుడ్డ మాత్రం భుజాల మీదికి జారింది.

వెనకాల ఎవరో పిల్ల గొడవ చేస్తోంది. గాడిద ఓండ్ర పెడుతోంది. పెద్దాయన నిటారుగా కూర్చుని, కలాన్ని సిరాబుడ్డి పక్కన పెట్టాడు. చెయ్యి అంగీ లోపలికి పోయింది. కళ్ళజోడు తీసి, ఒక చెవికి, ఇంకో చెవికి తగిలించుకున్నాడు.

“అయ్యో, ఇదేంటండీ! గుమాస్తాగారే—” అంటూ ద్వారం దగ్గరినుంచి పాస్టరమ్మగారు రెండడుగులు వేసింది. తలగుడ్డ జారిన మనిషిని చూసి అక్కడే నిలబడిపోయింది.

పెద్దాయన చూశాడు. కురచ జుట్టు చూశాడు, చెవులు చూశాడు. చిక్కిపోయిన మెడ దగ్గర చూపు కాసేపు ఆగింది. పాప చేతుల్లో ఉన్న ఆ చెయ్యి చూశాడు.  

“నా చేత తప్పు రాయించబోయావమ్మా,” అన్నాడు కోడలితో.

“అవును మామయ్యా.”

“నువ్వు.”

“నేనే. తనకి ఇష్టం లేదు. నేనే లాక్కొచ్చాను.”

“వాడు చెప్పకపోతే రాసేసేవాణ్ణి.”

“రాసేసేవారు.”

ఆయన కొడుకు వైపు తిరిగాడు.  ఏదో అనబోతున్నాడని, ఆ అనబోయే మాట మంచిదేనని కోడలు ఒక్క క్షణం ఆశపడింది. ఆయన పెదవులు అలాగే కదిలాయి.

“ఎవరింటివాళ్ళు?” అన్నాడు. గుమాస్తా గొంతు.

“అది మీరు చెప్పాలి నాన్నా.”

“చూడకుండా రాయొద్దన్నావు. బాగా చెప్పావు.” ఆయన పుస్తకం మీద అరచెయ్యి ఆనించాడు. “ఆ ఒక్క మాట ఆ రోజు నీకు నువ్వు చెప్పుకునుంటే ఆ కాపలామనిషి ఇవాళ తన ఇంటి లెక్కలో ఉండేవాడు. అతనికీ పెళ్ళాం ఉంది. ఈ రాత్రి ఆ ఇంట్లో ఎందరని ఎవరు అడుగుతారు?”

అతను పాప చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. 

“నా ఇంటి లెక్క రాసేశాను. నలుగురు. మీరు ముగ్గురూ వేరే ఇల్లంటే వేరే వరసలో రాస్తాను. అది అబద్ధం కాదు, రాయడానికి నాకు అభ్యంతరం లేదు. చెప్పమ్మా, ఇంటికొకరే మాట్లాడాలి.”

ఆయన అడిగింది తననేనని కోడలికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. భర్త చెయ్యి పట్టుకోవాలో, ఆ ఇంటి గడప పట్టుకోవాలో ఇక్కడే, ఈ జనంలోనే తేల్చమంటున్నాడు. జ్వరమొచ్చిన రాత్రి గుమ్మంలో కూర్చున్న మనిషే ఈ మాట అంటున్నాడు.

“ముగ్గురని రాయండి,” అంది.

“వద్దు,” అన్నాడు భర్త.

“నువ్వు మాట్లాడకు. ముగ్గురని రాయండి మామయ్యా. కానీ అప్పుడు మీ మొదటి వరస తప్పవుతుంది. మీ ఇంట్లో నలుగురుండరు.”

పెద్దాయన పుస్తకం వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. జీవితంలో మొదటిసారి ఒక మాట మీద గీత పెట్టాలి. కలం తీసుకున్నాడు. ముంచాడు. చెయ్యి బల్ల మీద ఆనించాడు.

“అవును,” అన్నాడు. “కొట్టేసి, ఇద్దరని రాయాలి.”

“ఇద్దరు కాదండీ.”

గుడారాల కొట్టులోంచి వచ్చిందా గొంతు. చిన్నగానే వచ్చింది గానీ అందరికీ వినిపించింది. అత్తగారు ఒళ్ళోని ముతకగుడ్డ పక్కకి నెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. సూది ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

“నువ్వూరుకో,” అన్నాడు పెద్దాయన వెనక్కి తిరక్కుండానే. “ఇది రాతపని.”

ఆవిడ ఊరుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి, జనం వైపు వచ్చి, కొడుకు పక్కన నిలబడింది. అతన్ని ముట్టుకోలేదు. అతని వైపు చూడనుకూడా లేదు. చూస్తే మాట రాదని కాబోలు, మొగుడి మొహంలోకే చూస్తూ నిలబడింది. 

“మీ వరసలో ఒక్కరని రాసుకోండి,” అంది. “వీళ్ళ వరసలో నలుగురు. కళ్ళద్దాలు ఉన్నాయిగా, చూసే రాయండి.”